జాజ్‌కి ఫ్లాక్ కావాలా, 320 ఎంపీ3 చాలా? హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లు చెప్పండి

బెజవాడ_బేస్:
అందరికీ నమస్కారం. ఈ మధ్యనే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్స్ కొన్నాను. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక జాజ్ వినడం నాకు అలవాటు. ఇప్పుడు ఒకే ఆల్బమ్‌ని వేర్వేరు ఫైళ్లలో పక్కపక్కన పెట్టి వింటున్నాను. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. ఒకటి మా బాబాయి దగ్గరున్న 80ల నాటి సీడీ నుంచి ఎప్పుడో చేసుకున్న 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3. రెండోది 320 ఎంపీ3. మూడోది కొత్తగా కొన్న ఫ్లాక్, అంటే ఏమీ పారేయకుండా కుదించిన ఫైల్.

128లో డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ కొట్టినప్పుడల్లా ఇసుక రాలినట్టు గరగర వస్తోంది. అది స్పష్టంగా తెలుస్తోంది. 320కీ ఫ్లాక్‌కీ మధ్య మాత్రం ఒక రాత్రి తేడా ఉందనిపిస్తుంది, మర్నాడు వింటే లేదనిపిస్తుంది. ఇంకో వింత ఏమిటంటే, పాత ఎంపీ3లో మొదటి మూడు ట్రాకుల శ్రుతి కొత్త ఫ్లాక్ కంటే కొంచెం పైన ఉంది. ఫైల్ సైజు తగ్గిస్తే శ్రుతి కూడా మారుతుందా? సీడీ (16 బిట్) కంటే సూక్ష్మంగా కొలిచిన 24 బిట్ వెర్షన్‌కి డబ్బు పెట్టాలా వద్దా అన్నది అసలు ప్రశ్న. తెలిసినవాళ్లు చెప్పండి.

మోనో_మాస్టారు:
శ్రుతి సంగతి ముందు చెప్తాను, మీ చెవి దాన్ని సరిగ్గా పట్టుకుంది. దానికీ ఎంపీ3కీ సంబంధం లేదు. ఆ ఆల్బమ్‌ను 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డు చేశారు. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనాన్ని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకుంది, అక్కడ. మార్చి 2న ‘సో వాట్’, ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ అయ్యాయి. ఆ రోజు వాడిన మూడు ట్రాకుల టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా రికార్డయిన టేపును సరైన వేగంతో ప్లే చేస్తే పాట నడకా పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. ఎల్పీ మొదటి వైపు మొత్తం అలాగే బయటికొచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా జనం దాన్నే విన్నారు, ఎందరో కుర్రాళ్లు దానితో కలిసి వాయించి నేర్చుకున్నారు.

అదే రోజు పక్కన ఇంకో మిషన్ మీద జాగ్రత్త కోసం తీసిన టేపు సరైన వేగంతో ఉంది. 1992లో దాన్ని పట్టుకుని సీడీ చేశాక శ్రుతి సర్దుకుంది. 1997లో వచ్చిన రీమాస్టర్‌తో అది అందరికీ అందింది. మీ బాబాయిగారి సీడీ వీటికి ముందుది.

అంటే మీరు పోలుస్తున్నవి రెండు ఫార్మాట్లు కావు, రెండు వేర్వేరు మాస్టర్లు (టేపు నుంచి అమ్మకానికి తయారుచేసిన మూల కాపీలు). మన చర్చల్లో తొంభై పాళ్లు గొడవ ఇక్కడే పుడుతుంది. మీ ఫ్లాక్ నుంచే మీ చేత్తో 320, 128 ఫైళ్లు చేసుకుని వినండి. అప్పుడు మిగిలే తేడాయే ఫార్మాట్ తేడా.

కోడెక్_కుర్రాడు:
మాస్టారు చెప్పిందే నా మాట కూడా. ఆ గరగర గురించి కొంచెం చెప్తాను. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ స్వరాలు మన చెవికి వినిపించవో లెక్కగట్టి, వాటి మీద బిట్లు ఖర్చు పెట్టడం మానేస్తుంది. గట్టి శబ్దం పక్కనున్న మెత్తని శబ్దం మనకు ఎలాగూ వినపడదు, దాని మీద ఆధారపడిన పద్ధతి ఇది. ట్రంపెట్ లాగిపెట్టి ఊదిన స్వరానికి ఇది చక్కగా పనిచేస్తుంది. కర్ర సింబల్ మీద పడ్డ క్షణానికి పనిచేయదు. ఆ దెబ్బ ముక్క మధ్యలో పడితే, తగ్గించడం వల్ల పుట్టిన రొద ముక్క మొదటి నుంచీ పరుచుకుంటుంది. దెబ్బ కంటే ముందే దాని నీడ వినిపిస్తుందన్నమాట. దీన్ని ప్రీ ఎకో అంటారు. దానికి తోడు 128లో చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కోసేస్తాయి. రైడ్ సింబల్ జిలుగంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. జాజ్‌లో రైడ్ సింబల్ పాట పొడుగునా ఆగకుండా మోగుతూనే ఉంటుంది కాబట్టి ఈ లోపం దాక్కోవడానికి చోటు ఉండదు.

320కి వచ్చేసరికి బిట్లు పుష్కలం. కోత 20 కిలోహెర్ట్జ్ దగ్గరికి పోతుంది. ఫ్లాక్‌లో అసలు పారేసేదేమీ లేదు. సీడీలో ఉన్నది సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ దాన్ని ఇంచుమించు సగానికి మడిచి, విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా వెనక్కి ఇస్తుంది.

ఒక రాత్రి ఉంది, ఇంకో రాత్రి లేదు అన్నారు కదా. దానికి మందు గుడ్డి పరీక్ష ఒక్కటే. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ ప్లగిన్ పెట్టుకోండి. అది రెండు ఫైళ్లలో ఒకదాన్ని పేరు చెప్పకుండా వినిపిస్తుంది, మీరు ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 సరిగ్గా చెప్తే, అది గాలివాటుగా జరిగే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. 8, 9 దగ్గర ఆగితే నాణెం ఎగరేసినట్టే. ముఖ్యంగా రెండు ఫైళ్ల వాల్యూమ్ సమానంగా ఉండాలి. అర డెసిబెల్ ఎక్కువున్నది మనకు గట్టిగా ఉన్నట్టు తెలియదు, బాగున్నట్టు తెలుస్తుంది.

వీణ_వైజాగ్:
శ్రుతి మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. నేను వీణ వాయిస్తాను. ‘సో వాట్’ స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. 16 బార్లు (నాలుగేసి దెబ్బల ముక్కలు) డి అనే స్వరం మీద నడిచి, తర్వాత మొత్తం అరమెట్టు పైకి జరిగి 8 బార్లు, మళ్లీ కిందికి వచ్చి 8. మనకు గమకం లేని ఖరహరప్రియ బోసిగా అనిపించాలి కదా, అయినా మైల్స్ ఒక్కో స్వరం మధ్య వదిలిన ఖాళీ ఆ లోటు తెలియనివ్వదు. నేను మొదట పాత సీడీతోనే విన్నాను. వీణ పక్కన పెట్టుకుని కలుపుకుందామంటే ఎంతకీ కలవదు, డి కంటే పైన, ఎక్కడో మధ్యలో ఉండేది. కారణం ఇన్నేళ్లకు ఇక్కడ తెలిసింది. మాస్టారూ, చాలా సంతోషం.

నా సమస్య వేరు. బ్లూ నోట్ కంపెనీ పాత స్టీరియో రికార్డులు హెడ్‌ఫోన్స్‌లో వింటే తల బరువెక్కుతోంది. ఊదే వాద్యాలన్నీ ఎడమ చెవిలో, డ్రమ్స్ కుడి చెవిలో. కాసేపటికి తీసి పక్కన పెట్టేస్తున్నాను. ఫ్లాక్ అయినా అంతే, ఎంపీ3 అయినా అంతే.

ఎడిసన్_తెలుగు:
వీణగారూ, మీరు చెప్పే రికార్డులు తీసిన ఊరు మాకు దగ్గరే. వాటిని రికార్డు చేసిన ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా కళ్లు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్ట్. న్యూజెర్సీ హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందు గదినే స్టూడియోగా వాడుకున్నాడు. కోల్‌ట్రేన్ ‘బ్లూ ట్రెయిన్’ 1957 సెప్టెంబర్ 15న, క్యానన్‌బాల్ ఆడర్లీ ‘సమ్‌థింగ్ ఎల్స్’ 1958 మార్చి 9న ఆ ఇంట్లోనే రికార్డయ్యాయి. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన చెక్క పైకప్పుతో సొంత స్టూడియో కట్టుకుని అక్కడికి మారాడు.

ఆ రోజుల్లో కొనేవాళ్లలో ఎక్కువమంది దగ్గర మోనో ప్లేయర్లే. ఆయన కూడా ఒక్క స్పీకరు మీద వింటూ, మోనోలో బాగుండేలా సర్దేవాడు. కొంతకాలానికి విడిగా మోనో టేపు తీయడం కూడా మానేసి, రెండు ట్రాకుల టేపునే కలిపేసి మోనో రికార్డులు కోశారు. రెండు ట్రాకులూ విడివిడిగా మనకు ఇప్పుడు స్టీరియో పేరుతో వినిపిస్తున్నాయి. హాల్లో స్పీకర్ల మీద ఇది ఇబ్బంది పెట్టదు, ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికీ చేరుతుంది కదా. హెడ్‌ఫోన్స్‌లో చేరదు. మీ తల బరువుకు కారణం అదే.

మీ ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో అని ఉంటుంది. అది నొక్కి ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఒకసారి వినండి. ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్ వెనక్కి వెళ్లి, అందరూ ఒకే గదిలో నిలబడ్డట్టు వస్తుంది.

కోడెక్_కుర్రాడు:
మోనో చేయడం ఇష్టం లేనివాళ్లకు క్రాస్‌ఫీడ్ ఉంది. ఎడమ శబ్దంలో కొంత, ముఖ్యంగా కింది స్వరాలు, కాస్త తగ్గించి, సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ ఆలస్యంతో కుడి చెవికి పంపుతుంది. కుడిది ఎడమకి. గదిలో మన తల సహజంగా చేసే పనే ఇది. బెంజమిన్ బావర్ అనే ఇంజనీరు 1961లోనే దీన్ని ప్రతిపాదించాడు, ఇప్పుడు చాలా ప్లేయర్లలో దొరికే బీఎస్2బీ ప్లగిన్ ఆయన పేరు మీదే ఉంది. మొదటి నిమిషం ఏమీ మారలేదనిపిస్తుంది. ఒక ఆల్బమ్ పూర్తిగా విన్నాక తీసేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

‘కైండ్ ఆఫ్ బ్లూ’కి ఇది అంత అవసరం పడదు. మూడు ట్రాకుల మీద తీశారు కాబట్టి మైల్స్ మధ్యలో, కోల్‌ట్రేన్ ఎడమ, క్యానన్‌బాల్ కుడి. హెడ్‌ఫోన్స్‌లో ఇద్దరి శాక్సఫోన్లనూ పోల్చుకోవడానికి ఇంత హాయైన రికార్డు ఇంకోటి లేదు.

హైరెస్_హైదరాబాద్:
అందరూ 320 చాలు అనే దిక్కుకే పోతున్నారు, నేను ఒప్పుకోను. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైల్స్ (శబ్దాన్ని సెకనుకు లక్షా 92 వేల సార్లు కొలిచినవి) చాలా కాలంగా వింటున్నాను. పియానో స్వరం కొట్టాక అది సన్నగిల్లుతూ నిశ్శబ్దంలో కలిసిపోయే తీరు చూడండి. బిల్ ఎవాన్స్ ‘బ్లూ ఇన్ గ్రీన్’ చివర. ఎంపీ3లో ఆ తోక తెగిపోతుంది. గది గాలి కూడా వినిపించాలంటే హై రెజల్యూషన్ కావాలి. ఒకటికి పదిసార్లు విన్నవాళ్లకే అది తెలుస్తుంది, పది సెకన్ల ముక్కలు మార్చి మార్చి వినే ఏబీఎక్స్‌లో తెలియదు.

మోనో_మాస్టారు:
హైరెస్ గారూ, మీ వినికిడి మీద నాకు గౌరవం ఉంది. లెక్క ఒకసారి చూద్దాం. 16 బిట్లు అంటే అతి గట్టి శబ్దానికీ అడుగున ఉండే రొదకీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ దూరం. 1950లలో టేపు మీద ఆ దూరం 60 పైచిలుకు డెసిబెల్స్ మాత్రమే. డాల్బీ రొద తగ్గింపు వచ్చింది 1960ల నడుమ. మీరు చెప్పిన పియానో తోక ముందు టేపు బుసలో మునుగుతుంది, 16 బిట్ల అడుగు దానికి ఎంతో కిందుంది. 24 బిట్లు చేసేది ఆ బుసను మరింత నిక్కచ్చిగా చూపించడమే. రికార్డు చేసేటప్పుడు, మాస్టరింగ్ చేసేటప్పుడు 24 బిట్లు అవసరం, అందులో అనుమానం లేదు. వినేటప్పటి మాట వేరు.

పరిశోధనలు రెండు చెప్తాను. 2007లో మెయర్, మోరన్ అనే ఇద్దరు ఎస్ఏసీడీ (సీడీ కంటే హై రెజల్యూషన్ డిస్కు) శబ్దం దారి మధ్యలో దాన్ని సీడీ స్థాయికి, అంటే 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్‌కి, దించే పరికరం దూర్చి, ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా పట్టమన్నారు. 554 సార్లలో సరైన జవాబులు సగానికి కూడా కొంచెం తక్కువ. 2016లో జాషువా రైస్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే 52.3 శాతం తేలింది. అది సున్నా కాదు, శిక్షణ పొందినవాళ్లకు ఇంకా ఎక్కువే వచ్చింది. కాబట్టి తేడా అసలు ఉండదని నేను అనను. ఆ కొంచెం తేడా కోసం మంచి మాస్టర్‌ని వదులుకోవద్దు అంటాను.

హైరెస్_హైదరాబాద్:
మాస్టారూ, మీ చివరి మాట దగ్గర మనిద్దరం కలుస్తాం. నేను హై రెజల్యూషన్ కొనడానికి ఒక కారణం అదే. జాగ్రత్తగా అసలు టేపు నుంచి మళ్లీ ఎక్కించిన మాస్టర్ చాలాసార్లు 24 బిట్‌లోనే అమ్మకానికి వస్తుంది. సీడీగా దొరికేది వాల్యూమ్ పెంచి, మెత్తని చోట్లనీ గట్టి చోట్లనీ ఒకే ఎత్తుకు లాగిన పాత రీమాస్టర్. జాజ్‌ని అలా నలిపితే బ్రష్‌లకీ కర్రలకీ బలంలో తేడా పోతుంది. అప్పుడు నాకు వినపడే తేడా బిట్లది కాకపోవచ్చు, మాస్టర్‌ది కావచ్చు. అయినా కొనాల్సింది ఆ ఫైలే.

మోనో_మాస్టారు:
ఆ మాట పూర్తిగా నిజం. కొన్నాక ఆ 24 బిట్ ఫైల్‌ని మీరే 16 బిట్‌కి మార్చుకుని వినండి, నా కోరిక అంతవరకే.

రాత్రి_శ్రోత:
చర్చ చదువుతూ పక్కన బిల్ ఎవాన్స్ ట్రయో ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ పెట్టుకున్నాను. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్ విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్. గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరో నవ్వడం, వెనక టేబుల్ మాటలు. స్పీకర్ల మీద ఇవి పెద్దగా పట్టించుకోలేదు. హెడ్‌ఫోన్స్‌లో ఆ నేలమాళిగలో కూర్చున్నట్టే ఉంది. తర్వాత పదకొండు రోజులకే బేస్ వాయించిన స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. ఆ చప్పుళ్లు వింటుంటే, అక్కడున్నవాళ్లకు తామేం వింటున్నారో తెలుసా అని మనసు పిండేస్తుంది.

నాది చిన్న డౌట్. నేను వినేది బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో. మరి నాకు ఫ్లాక్ దండగేనా?

కోడెక్_కుర్రాడు:
దండగ అనను, ఇంట్లో మంచి కాపీ ఒకటి ఉండటం ఎప్పుడైనా మంచిదే. కానీ బ్లూటూత్ గాలిలోకి పంపేముందు ఫైల్ ఏదైనా మళ్లీ కుదిస్తుంది. కుదించే పద్ధతి ఎస్‌బీసీ అయితే మామూలుగా 328 కేబీపీఎస్ దాకా, ఏఏసీ అయితే 256 చుట్టుపక్కల, ఎల్‌డాక్ అయితే 990 దాకా. ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేదు. ఆండ్రాయిడ్‌లో ఉన్నా, సిగ్నల్‌ని బట్టి 660కో 330కో దిగుతుంటుంది. ఒకసారి కుదించిన 128 ఎంపీ3ని మళ్లీ కుదిస్తే సింబల్స్ దగ్గర రెండు లోపాలూ కలుస్తాయి. అందుకని బ్లూటూత్‌కి కూడా మొదటి ఫైల్ మంచిదే ఉండాలి.

వ్యాన్‌గార్డ్ రికార్డింగ్‌లో గ్లాసుల చప్పుడే మీ పరీక్ష. 128లో గాజు గాజులా మోగదు.

బెజవాడ_బేస్:
అందరికీ ధన్యవాదాలు. ఏబీఎక్స్ చేశాను. నా ఫ్లాక్ నుంచే ఫైళ్లు చేసుకుని, వాల్యూమ్ సరిచేసి. 128ని ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’ సింబల్స్ దగ్గర తేలిగ్గా పట్టుకున్నాను. 320ని పట్టుకోలేకపోయాను, ఊహకే మిగిలింది. మాస్టర్ మారితే మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలుగుతున్నాను. ఇక ఆల్బమ్ కొనేముందు ఏ సంవత్సరం మాస్టరో చూసి కొంటాను. ఇలా మాస్టర్ వల్ల పూర్తిగా మారిపోయిన రికార్డు ఇంకేదైనా చెప్పండి.

మోనో_మాస్టారు:
‘ఎలింగ్టన్ ఎట్ న్యూపోర్ట్’ వినండి. 1956 జూలై 7 రాత్రి పాల్ గొన్సాల్వెజ్ టెనర్ శాక్సఫోన్ మీద వరసగా 27 ఆవర్తాలు వాయించాడు, జనం లేచి ఆడటం మొదలుపెట్టారు. అయితే ఆయన నిలబడింది కొలంబియా మైకు ముందు కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు. దాంతో ఎల్పీలో ఆ సోలో దూరంగా వినిపిస్తుంది. పైగా ఆ ఎల్పీలో కొంత భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి చప్పట్లు అతికించింది. దశాబ్దాల తర్వాత రేడియో టేపు బయటపడింది. రెండూ మోనో టేపులే. వాటిని అడుగడుగునా జత కలిపి, ఒకటి ఒక పక్క, ఇంకోటి ఇంకో పక్క పెట్టి 1999లో స్టీరియోగా విడుదల చేశారు. పాత వెర్షన్ ఎంత హై రెజల్యూషన్‌లో కొన్నా గొన్సాల్వెజ్ దగ్గరికి రాడు. 1999ది 320 ఎంపీ3లో విన్నా ఎదురుగా నిలబడతాడు.

వీణ_వైజాగ్:
నాదీ చిన్న రిపోర్టు. ఎడిసన్ గారు చెప్పినట్టు మోనో పెట్టి ‘సమ్‌థింగ్ ఎల్స్’ మొత్తం విన్నాను, తల బరువు లేదు. క్రాస్‌ఫీడ్ పెట్టి డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ కూడా విన్నాను. అందులోని ‘టేక్ ఫైవ్’ని మనవాళ్లు ఖండ చాపు అంటుంటారు. లెక్క అయిదే అయినా మన చాపు రెండు, మూడుగా విరుగుతుంది, ఇది మూడు, రెండుగా విరుగుతుంది. చేత్తో తాళం వేస్తూ జో మొరెల్లో డ్రమ్స్ వింటే వెంటనే తెలుస్తుంది. బ్రూబెక్ బృందం ఆ ఆల్బమ్‌కి ముందు ఏడాది, 1958లో, మన దేశంలో కచేరీలు చేసి వెళ్లింది.

ఇంకొకటి. మన పాలకొల్లు శ్రీనివాస్ గారి మాండొలిన్, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌తో కలిసిన రిమెంబర్ శక్తి రికార్డులు ఉన్నాయి కదా. మీటు మీద మీటు పడే వేగం అది. కోడెక్ గారు చెప్పిన ప్రీ ఎకో పట్టుకోవాలంటే సింబల్ కంటే అదే నాకు తేలిగ్గా ఉంది. తీగ వాద్యం చెవికి అలవాటు కాబట్టేమో.

కోడెక్_కుర్రాడు:
ఆ మాట మంచిది వీణగారూ. ఎవరి వాద్యం వాళ్లకు మంచి పరీక్ష. ఈసారి నేను ఘటం మీద చూస్తాను.

బెజవాడ_బేస్:
ఇంకో ప్రశ్న అడిగి ముగిస్తాను. ఈ హెచ్‌డీ 600ని ఫోన్‌కి టైప్ సీ డాంగిల్‌తో పెడితే వాల్యూమ్ చాలట్లేదు. ముఖ్యంగా పాత నలపని సీడీలకు. ఆంప్లిఫయర్ కొనాల్సిందేనా?

కోడెక్_కుర్రాడు:
దాని ఇంపెడెన్స్ (విద్యుత్తుకు ఇచ్చే అడ్డు) 300 ఓమ్‌లు, ఒక వోల్టుకు 97 డెసిబెల్స్ ఇస్తుంది. చిన్న డాంగిల్స్ చాలావరకు ఒక వోల్టు దగ్గరో ఇంకా కిందో ఆగిపోతాయి. ఆ 97 గట్టి దెబ్బకు వచ్చే లెక్క, పాట సగటు దానికి 15, 20 డెసిబెల్స్ కిందుంటుంది. అందుకే నలపని మాస్టర్లు మెత్తగా వినిపిస్తున్నాయి. రెండు వోల్టులిచ్చే డాంగిల్ అయితే ఇంకో 6 డెసిబెల్స్ వస్తాయి, రాత్రిపూట వినడానికి అది సరిపోతుంది. కొనేముందు పెట్టె మీద మిల్లీవాట్లు కాకుండా 300 ఓమ్‌ల దగ్గర ఎన్ని వోల్టులిస్తుందో చూడండి. ముందుగా ఫోన్ సెట్టింగ్స్‌లో డాంగిల్ సొంత వాల్యూమ్ పూర్తిగా తెరుచుకుందో లేదో కూడా చూసుకోండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని సగంలోనే ఆపేస్తాయి.